తెర మీద మంచినీళ్లు

జూన్ 17

ట్యాంకుకు రంగు వేశారు. బయట మాత్రమే. నీలం రంగు, తెల్ల చారలు, మా కంపెనీ బొమ్మ, దాని కింద ఇంత పెద్ద అక్షరాలతో 'స్మార్ట్ నీరు'. రంగు వేసేవాళ్లు దిగాక నేను ఎక్కి లోపలికి చూశాను. చూడకుండా ఉండాల్సింది.

పైన మూత లేదు. ఎప్పుడు ఊడిపోయిందో ఎవరికీ తెలియదు. ఒక రేకు ముక్క, దాని మీద రాయి. రేకు జరపగానే వాసన ముఖానికి కొట్టింది. నిలవ బురదలో పావురాల రెట్ట కలిపి ఎండకు పెడితే వచ్చే వాసన. గోడల నిండా జిగట. వేలితో గీస్తే పాల మీది మీగడలాగా ముడుచుకుని వచ్చింది. ఒక మూలన పావురం తేలుతోంది. సగం ఈకలే మిగిలాయి. ఇంటికి వచ్చి ఆ వేలిని సబ్బుతో రాకి రాకి కడిగాను. అన్నం ముద్ద నోటి దగ్గరికి తెస్తే మళ్లీ అదే వాసన.

కట్టి నలభై ఏళ్లయింది. సింగరాయిపేటలో మార్కండేయ వాడకు, అంటే మా వాడకు, నీళ్లు దీని నుంచే. మా ఇంటి నల్లాకు కూడా.

ఫోటో తీసి కరీంనగర్‌లో ఉండే సాయిచంద్ సార్‌కు పంపాను. మా ప్రాజెక్టు ఇంజనీర్. బొటనవేలు బొమ్మ పంపాడు. చచ్చిన పావురానికి బొటనవేలు. ఫోన్ చేశాను.

"అంబదాస్, ట్యాంకు కడుగుడు మన టెండర్ల లేదు. మనది సెన్సర్లు, పంపు, ప్యానెల్. గంతే. లోపలికి నిన్నెవలు చూడమన్నరు?"

జూన్ 18

మొగిలన్నతో పొద్దున్నే లొల్లి.

ఏళ్ల తరబడి ఈ ట్యాంకు దగ్గర వాల్వులు తిప్పేది ఆయనే. రోజూ పొద్దున బకెట్లో బ్లీచింగ్ కలిపి, భుజాన పెట్టుకుని నిచ్చెన ఎక్కి లోపల గుమ్మరించేవాడు. ఒక కొలత లేదు, పాడు లేదు. కల్లు తాగిన రోజు రెండు బకెట్లు, తాగని రోజు ఒకటి. అందుకే మా నల్లాలో ఒకరోజు ఆస్పత్రి కంపు, ఒకరోజు కుంట కంపు. దీన్ని మార్చడానికే కదా మేము వచ్చింది.

ఆయనకు విడమరిచి చెప్పాను. ట్యాంకు నుంచి వాడకు దిగే పైపులో సెన్సర్ ఉంటుంది. నీళ్లలో మందు ఎంత ఉందో చూస్తుంది. తక్కువైతే పంపుకు చెప్తుంది, పంపు డ్రమ్ములో ఉన్న బ్లీచింగ్ నీళ్లను ట్యాంకులోకి వదులుతుంది. చాలనగానే ఆపేస్తుంది. సెన్సర్ చూసిన అంకె కరీంనగర్‌లో తెర మీద కనబడుతుంది. సరిగ్గా ఉంటే పచ్చ, లేకుంటే ఎరుపు. మధ్యలో మనిషి అక్కర్లేదు.

"మరి నేనేం జెయ్యాలె?"

"ఫోన్ వస్తే ఎత్తాలె."

"ఫోన్ ఎత్తుటానికి నేనెందుకు తమ్మీ, నా మనవరాలు సుత ఎత్తుతది."

కోపం వచ్చింది కానీ నవ్వు కూడా వచ్చింది. పిల్లలు ఎక్కకుండా అని నిచ్చెన కింది మెట్లు కోసేశారు నిన్న. అంటే ఇక మొగిలన్న కూడా ఎక్కలేడు. కోసిన ఇనుము ఎవరు అమ్ముకున్నారో అడగలేదు.

ఇంటర్ తప్పినవాణ్ణి నేను. లక్సెట్టిపేటలో సెల్లు షాపులో పగిలిన ఫోన్లు విప్పుకుంటూ, వీడియోలు చూసుకుంటూ నేర్చుకున్నాను. ఆ ప్యానెల్లో ఒక్క తీగ కూడా వేరేవాడు కలపలేదు. సెన్సర్ మాట పంపుకు వినబడేట్టు చేసింది నేనే. అది మాత్రం రాసుకుంటాను.

జూన్ 21

గోదావరికి కొత్త నీళ్లు వచ్చాయి. ఎర్రగా, బాగా మరిగిన చాయ్‌లాగా. తెర ఎర్రబడింది.

పంపు ఆగకుండా కొట్టుకుంటోంది. టక్, టక్, టక్. మందు పోతూనే ఉంది, సెన్సర్ మాత్రం లేదు లేదు అంటోంది. విప్పి చూస్తే మూతి మీద జిగట పేరుకుంది. తుడిచి పెట్టాను. మధ్యాహ్నానికి మళ్లీ పేరుకుంది. కంపెనీ పెద్ద సారు ఫోన్లో సాయిచంద్ మీద అరిచాడు, సాయిచంద్ నా మీద అరిచాడు, నేను మొగిలన్న మీద అరిచాను. మొగిలన్న ఇంటికి పోయి పెళ్లాం మీద అరిచాడట.

"చెప్పు జూపెట్టింది తమ్మీ. మా ఇంట్ల మిషన్ మంచిగ పంజేస్తుంది."

ఒక గ్లాసులో వడగట్టిన నీళ్లు, ఒక గ్లాసులో ట్యాంకు నీళ్లు పెట్టి రెండింట్లో చిటికెడు బ్లీచింగ్ వేసి, కాసేపాగి వాసన చూశాను. వడగట్టిన నీళ్లలో మందు నిలిచింది. ట్యాంకు నీళ్లలో మాయమైంది. లోపల ఉన్న కుళ్లు మందును తినేస్తోంది. సెన్సర్ అబద్ధం చెప్పడం లేదు. ఈ ఊళ్లో నిజం చెప్తోంది అదొక్కటే.

మూడు రోజులు ట్యాంకు బంద్ పెట్టి, ఖాళీ చేసి, గీకి కడగాలని సాయిచంద్‌కు చెప్పాను. 28న ప్రారంభోత్సవం, అది అయ్యాక చూద్దాం అన్నాడు. చూద్దాం అనేవాడి కళ్లలో బ్లీచింగ్ పోయాలి.

జూన్ 23

ఎరుపు.

జూన్ 25

బస్సులో ఉండగా ఫోన్లో చూశాను, తెర పచ్చగా ఉంది. అంకె కొంచెం కూడా కదలని పచ్చ. అనుమానం వచ్చి గబగబా ట్యాంకు దగ్గరికి పోయాను.

సెన్సర్ పైపులో లేదు. బయటికి తీసి, కూల్‌డ్రింక్ సీసాను సగానికి కోసి, అందులో బ్లీచింగ్ నీళ్లు పోసి ముంచి పెట్టాడు మొగిలన్న. పడిపోకుండా తన తువ్వాల చింపి కట్టాడు. పక్కనే గోడకు ఆనుకుని బీడీ తాగుతున్నాడు.

"ఏందన్నా ఇది?"

"నువ్వే గదా అన్నవ్, నీళ్లల్ల మందు ఉంటె గది సప్పుడు జెయ్యదని. గందుకే మందు నీళ్లల్ల వెట్టిన. చూడు, ఎట్ల నిమ్మళంగున్నదో."

నోటికొచ్చినట్టు తిట్టాను. బుద్ధి ఉందా అన్నాను, ఇది మిషన్ అనుకున్నవా జబ్బు మనిషి అనుకున్నవా అన్నాను. ఆయన బీడీ ఆర్పేసి "ఫోన్లు ఆగినయా లేదా, అది జెప్పు" అన్నాడు.

అప్పుడే సాయిచంద్ ఫోన్. "శభాష్ అంబదాస్, ఏం జేసినవ్? పచ్చగైంది." ఏం చేశామో చెప్పాను. గొంతు తగ్గించి అన్నాడు. "28 దాంక గట్లనే ఉండనీ. అటెనుక మంచిగ జేద్దాం."

నేను పెట్టలేదు. మొగిలన్న పెట్టాడు. నేను తియ్యలేదు, అంతే.

ఒకటి మాత్రం బాగుంది. పంపు చప్పుడు ఆగింది. చెవిలో ఈగ దూరినట్టు ఉండేది ఇన్నాళ్లూ. ఇప్పుడు ప్రశాంతం.

జూన్ 28

ప్రారంభోత్సవం. షామియానా, పూలదండలు, డప్పులు. పెద్దమనిషి వచ్చి ట్యాబు మీద వేలు పెట్టాడు. తెర మీద ట్యాంకు బొమ్మ పచ్చగా వెలిగింది. చప్పట్లు. వేదిక మీద ప్రతి ఒక్కరి ముందూ మంచిర్యాల నుంచి తెచ్చిన మూత తీయని నీళ్ల సీసా. నీళ్ల పండుగ చేసుకుంటూ ఆ నీళ్లు తాగని మనుషులు.

ఆడవాళ్లను ఫోటో కోసం ఖాళీ బిందెలతో ఎండలో నిలబెట్టారు. ఐలవ్వ ముసలిది ఊరుకుంటుందా. "బిందె ఖాళీగున్నది బిడ్డా, నింపి వట్టుకుంటె ఫోటో ఇంకింత మంచిగ రాదా" అంది. ఫోటోగ్రాఫర్ నవ్వాడు. పెద్దమనిషి నవ్వలేదు.

సిద్దిరాములు కాక సాంచాలు, తన మరమగ్గాలు, ఆపుకుని మరీ వచ్చాడు. మా పక్కింటి ఆయన. మా బాపు అవ్వను, నన్ను ఇక్కడ వదిలి భీవండిలో సాంచాల మీదే ఉండిపోతే నన్ను సైకిల్ మీద బడికి దింపింది ఈయనే. కనబడిన ప్రతివాణ్ణీ పట్టుకుని "గా మిషన్ మా అంబదాసు వెట్టిండు, కరీంనగర్ల కూసోని చూస్తరట మన నీళ్లు" అని చెప్పాడు. అందరి ముందు నల్లా తిప్పి, దోసిలి పట్టి, కడుపు నిండా తాగాడు. మీసం తుడుచుకుని నన్ను చూసి తలాడించాడు.

నేను కూడా తలాడించాను.

జూన్ 30

సీసాలో నీళ్లు పలుచబడ్డాయి. అంకె కిందికి జారుతోంది. మొగిలన్న పెళ్లికి ఇచ్చోడ పోయాడు. నేనే మార్చాను. ఒక్కసారికే.

జూలై 2

28 అయిపోయింది కదా, ట్యాంకు ఎప్పుడు కడుగుదాం అని అడిగాను.

"13న చూడటానికి సర్కారు కమిటీ వస్తది. అప్పగింత అయ్యేదాంక తెర ఎర్రగ గావద్దు. తర్వాత ఐదు మండలాల మెయింటెనెన్స్ పని నీకే అని పైన చెప్పిన. నీ అసొంటోడు దొరుకడని చెప్పిన. జర ఓపిక వట్టు."

ఐదు మండలాలు. బండి ఇస్తారు. ఇంటర్ తప్పినవాడికి ఎవడిస్తాడు. ఓపిక పట్టడంలో తప్పేముంది. పని నా చేతికి వస్తే ముందుగా కడిగించేది ఈ ట్యాంకునే.

జూలై 3

ఫిల్టర్ నీళ్ల డబ్బా ఇంటికి తెచ్చాను. అవ్వ బీడీలు చుడుతూ తలెత్తి చూసింది.

"గీ డబ్బ ఎందుకురా?"

"నోటికి మంచిగుంటయని."

"ఇన్నేండ్ల సంది నోటికేమైంది?"

డబ్బా మూలన పెట్టి బయటికి వచ్చాను. ఊరికే తెచ్చాను. అందరూ తెచ్చుకుంటున్నారు.

జూలై 6

వాడలో వాంతులు, విరేచనాలు. మొన్న పోచమ్మ బోనాలు అయ్యాయి కదా, మాంసం పొద్దటిది సాయంత్రం దాకా ఉంచుకుని తిన్నారు. ఉక్కపోత, పైగా ఈగలు. అదే అయ్యుంటుంది. ఐలవ్వ ఇంట్లో ఇద్దరు పిల్లలు, మూల ఇంటి కుమార్ వాళ్ల నాన్న, ఇంకెవరో.

మాంసమే. ఎన్నిసార్లు చెప్పినా వినరు ఈ జనం. కడుపులు కావు, చెత్తకుండీలు.

జూలై 7

ఐలవ్వ మాంసం తినదు. ఆమెకూ పట్టుకున్నాయి.

ట్యాంకు దగ్గరికి పోయాను. మందు డ్రమ్ము మూత తీసి చూశాను. 25న మళ్లీ నింపినప్పుడు లోపల పెన్నుతో గీత గీసి పెట్టాను. మందు ఆ గీత దగ్గరే ఉంది. చుక్క కూడా తగ్గలేదు.

సెన్సర్ సీసాలో ఉంది. సీసాలో మందు ఉంది. మందు చాలినంత ఉంది అని సెన్సర్ పంపుకు చెప్తోంది. పంపు ఆగింది. సీసా పెట్టిన రోజు నుంచి వాడ నీళ్లలో ఒక్క చుక్క మందు పడలేదు. తాగుబోతు మొగిలన్న బకెట్ పోసిన కాలంలో ఏదో ఒకటి పడేది. మేము వచ్చి అదీ ఆపేశాం. తెర పచ్చగా ఉండటానికి మేము చేసిన పనే నీళ్లను చంపింది.

నాకు ఇప్పుడే తెలిసింది.

జూలై 7, మళ్లీ

ఇప్పుడే తెలిసింది అని పైన రాశాను. కొట్టేయను, ఉండనీ. అబద్ధం. సెన్సర్ చెప్తే పంపు ఆగేట్టు తీగ కలిపింది ఎవడు? పంపు చప్పుడు ఆగితే ప్రశాంతం అని రాసుకుంది ఎవడు? నాకు తెలియకపోవడం ఎట్లా కుదురుతుంది. తెలిసిన దాని మీద రేకు ముక్క కప్పి రాయి పెట్టాను.

జూలై 8

పొద్దున్నే సెన్సర్‌ను తీసి పైపులో పెట్టాను. పంపు కొట్టుకోవడం మొదలుపెట్టింది. తెర ఎరుపు. చాయ్ చల్లారేంత సేపు కూడా కాలేదు, సాయిచంద్ ఫోన్.

"ఏం జేస్తున్నవ్ రా?"

"జనాలకు బీమార్లు సార్. నీళ్లల్ల మందు లేదు."

"పంపు నడుస్తే మందు వస్తదా? నువ్వే గదా చెప్పినవ్, లోపలి కుళ్లు తింటుందని. ఎర్రగనే ఉంటది. కమిటీ ముంగట ఎర్రగుంటె నీ పని వోతది, నా పని వోతది, బీమార్లు వోతయా? మొగిలిని చేతితోని పొయ్యమను. సెన్సర్ మళ్ల అండ్లనే వెట్టు."

మొగిలన్నకు నిజం చెప్పాను. బీడీ చేతిలోనే ఆరిపోయింది. "నా మనవరాలు సుత గవే నీళ్లు తాగుతది" అన్నాడు. వెదురు నిచ్చెన తెచ్చి, కోసిన మెట్ల దాకా ఎక్కి, బ్లీచింగ్ బకెట్ పైకి లాగబోయాడు. మోకాలు పట్టేసింది. నేను ఎక్కి పోశాను. అంత కుళ్లులో ఒక బకెట్.

సెన్సర్ మళ్లీ సీసాలో పెట్టాను. నా చేతులతో. ఈసారి మొగిలన్న పెట్టలేదు.

జూలై 9

సిద్దిరాములు కాక పడిపోయాడు. సాంచాల దగ్గర నిలబడ్డవాడు నిలబడ్డట్టే. ఆటోలో లక్సెట్టిపేట తీసుకుపోయారు. నవ్యశ్రీ, కాక బిడ్డ, ఒక చేత్తో సెలైన్ సీసా పట్టుకుని రెండో చేత్తో నాకు ఫోన్ చేసింది. "అన్నా, బాపు లుంగీ మార్చుటానికి సుత లేస్తలేడు. జర రాగలవా?"

పోయాను. ఆ వాసన, ఆ పక్క మీద గుడ్డలు. కాక నన్ను చూసి నవ్వబోయాడు. "బోనాల కూర పడలేదురా" అన్నాడు.

ఔను కాకా అన్నాను.

జూలై 10

సర్కారు సార్లు జీపులో వచ్చారు. నీళ్ల వల్లేనా అని వాడ జనం గుమిగూడి అడిగారు. పంచాయతీ ఆఫీసులో మేము బిగించిన తెర ముందుకు తీసుకుపోయి ఒకాయన కర్రతో చూపించాడు.

"గిది చూడుండ్రి. పచ్చగున్నది. మందు బరాబర్ ఉన్నది. ఫికర్ జెయ్యకుండ్రి. తిండి జాగ్రత్త, చేతులు కడుక్కోండ్రి."

ఎవరూ నల్లా తిప్పలేదు. ఒక్కరు, ఒక్క చుక్క పరీక్ష చెయ్యలేదు. తెర ఉంది కదా. మనుషులను కొరడాతో కొట్టాలనిపించేంత అసహ్యం పుట్టింది.

కుమార్ నా వైపు తిరిగాడు. "మిషన్ పెట్టింది నువ్వే గదా అంబదాస్, నువ్వు చెప్పు. మంచియేనా?"

అందరూ నన్నే చూశారు.

"మిషన్ల ఏం తప్పు లేదు" అన్నాను.

ఒక్క అక్షరం అబద్ధం లేదు. నన్ను నేను ముందు కొట్టుకోవాలి.

జూలై 11

కాకను కరీంనగర్ తీసుకుపోయారు. ఒంట్లో నీళ్లన్నీ పోయి కిడ్నీలు ఆగాయట. నవ్యశ్రీ ఫోన్లో ఏడవలేదు. ఇంట్లో మిగతావాళ్లను ఏ నీళ్లు తాగమనాలి అని అడిగింది. కాచి తాగండి అన్నాను. "మంచియే అన్నరు గదా" అంది.

ఫోన్ పెట్టేశాను.

జూలై 12

చేతులు ఇంకా కంపు కొడుతున్నాయి. కొట్టనీ. అయింది అయినట్టు రాస్తాను.

పొద్దున తిన్నగా ట్యాంకు దగ్గరికి పోయి సెన్సర్ పీకి పైపులో పెట్టాను. సీసాను కాలితో తన్నాను. తెర ఎర్రబడితే ఫోటో తీసి ఊరందరికీ పంపుదామని ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. తెర పచ్చగానే ఉంది. అంకె కదల్లేదు. ప్యానెల్ తెరిచి చూశాను, సెన్సర్ సున్నా చెప్తోంది. తెర మాత్రం నిన్నటి మంచి అంకెనే పట్టుకుని కూర్చుంది.

సాయిచంద్‌కు చేశాను.

"రేపు కమిటీ అయ్యేదాంక పాత రీడింగే ఉంటది. ఇక్కడి నుంచి లాక్ వెట్టిన. నువ్వు సెన్సర్ను యాడ వెట్టుకున్నా ఒక్కటే" అన్నాడు. నవ్వాడు కూడా. సీసా కూడా అక్కర్లేదన్నమాట. మొగిలన్న పాపం తువ్వాల చింపుకున్నాడు.

ఇక నీళ్లు ఆపడమే అనుకున్నాను. వాడకు పోయే పైపుకు మేమే మోటారు వాల్వు పెట్టాం. ప్యానెల్లో మూయమని నొక్కాను. గర్రుమని మూసుకుంది. నేను గుండె నిండా ఊపిరి తీసేలోపు గర్రుమని మళ్లీ తెరుచుకుంది. కరీంనగర్ నుంచి తెరిచారు. మూశాను. తెరిచారు. మూశాను. తెరిచారు. ఎక్కడో ఏసీ గదిలో కూర్చుని ఎవడో మా వాడ నోట్లోకి కుళ్లు వదులుతున్నాడు, వేలితో.

మోటారు తీగ కోసేశాను, కానీ వాల్వు తెరుచుకునే ఆగిపోయింది. మిగిలింది పాత చేతి వాల్వు. అది రోడ్డు పక్క గుంతలో ఉంది, మురికి కాల్వ పొంగి గుంత నిండిపోయింది. మొగిలన్న వచ్చాడు.

"దీన్ని తిప్పాలె అన్నా."

"తిప్పితే నా పని వోతది."

"పోతది."

"నీది సుత వోతది."

"పోయింది."

గుంతను చూశాడు, నన్ను చూశాడు. "ఇన్నేండ్లు చేసిన. గింత గలీజుల దిగుడు ఇయ్యాల్నే" అని లుంగీ పైకి కట్టి దిగాడు. నేనూ దిగాను. నడుము దాకా. కాళ్ల కింద ఏమేమి మెత్తగా తగిలాయో రాయను. తుప్పు పట్టిన చక్రం కదలనంది. ఇద్దరం భుజాలు ఆనించి తోశాం. నోట్లోకి కూడా చిందింది. అప్పుడు తెలిసింది, ఈ గుంత నీళ్లకూ మా నల్లా నీళ్లకూ రుచిలో పెద్ద తేడా లేదు. చక్రం కిర్రుమని తిరిగింది.

ఆ తర్వాత ట్యాంకు అడుగున ఉండే కడుగు వాల్వు విప్పాం. ట్యాంకు కింద జనం చేరారు, తిట్టడానికి. నీళ్లు పారబోస్తున్నామని. మొదట చాయ్ రంగు. తర్వాత నలుపు. తర్వాత జిగట, ముద్దలు ముద్దలుగా. ఈకలు. సన్నటి ఎముకలు. ఒక చెప్పు. ఎర్రటి పురుగులు దారాల్లాగా మెలికలు తిరుగుతున్నాయి.

తిట్లు ఆగిపోయాయి. కుమార్ పక్కకు పోయి కక్కుకున్నాడు. ఐలవ్వ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసింది.

"పచ్చగున్నదన్నడు గదా సారు" అంది, ఎవరినీ చూడకుండా.

నేను ఇల్లిల్లూ తిరిగి చెప్పాను, నల్లా తిప్పకండి అని. మొదటి గడప మాదే. అవ్వ నా ఒంటి మీది బురదను చూసింది. తర్వాత మూలనున్న డబ్బాను చూసింది.

జూలై 13

కంపెనీ ఆస్తి ధ్వంసం చేశానని కేసు పెడతాడట సాయిచంద్. మొగిలన్నను రావద్దన్నారు. కమిటీ రాలేదు. నీళ్ల ట్యాంకర్లు వచ్చాయి. జనం ట్యాంకర్ల ముందు కొట్టుకున్నారు. నిన్న పురుగులు చూసిన మనుషులే ఈరోజు బిందె కోసం జుట్లు పట్టుకున్నారు.

జూలై 14

కాక పోయాడు.

జూలై 15

మోశాను. నవ్యశ్రీ వాళ్ల చిన్నాయన నన్ను పిలిచి మరీ భుజం పట్టమన్నాడు.

జూలై 17

ఇదొక్కటి రాసి ఆపేస్తాను.

మూడో రోజు కార్యం. కాక ఇంటి ముందు టెంటు. వాడ మగవాళ్లందరూ అక్కడే. నేను పోగానే కుమార్ లేచి నిలబడ్డాడు. "అంబదాస్ గనక వాల్వు బంద్ చెయ్యకుంటె ఇంక పది పీనుగులు లేస్తుండె" అన్నాడు. ఔనన్నారు అందరూ. కేసు పెడితే వాడంతా స్టేషన్‌కు పోదాం అన్నారు. సంఘం తరఫున శాలువా కప్పాలి అన్నాడు ఒకాయన. చావు టెంటులో శాలువా మాట. వాళ్లు మంచితనంతోనే అన్నారు. ఆ మంచితనం నా ఒంటి మీద ఆ ట్యాంకు జిగటలాగా పాకింది. విదిలించుకోలేదు నేను. కాసేపు, రాయక తప్పదు, బాగుంది కూడా.

నీళ్ల గ్లాసులు తెస్తానని లోపలికి పోయాను. నవ్యశ్రీ వంటింట్లో గిన్నెలు బోర్లిస్తోంది. నన్ను చూసి చేతులు తుడుచుకుంది.

"అన్నా, ఒక్క ముచ్చట అడుగుత. డాక్టర్కు దాచకుండ చెప్పినట్టు చెప్పు. నీళ్లు మంచిగ లేవని నీకు ఎప్పట్నుంచి ఎరుక?"

మొన్ననే అనబోయాను. నోటి దాకా వచ్చింది. 12 నాడు వాల్వు మూశాను కదా, ఆ రోజే అంటే నమ్మేది. అందరూ నమ్మారు.

"పెయింట్ వేసిన నాటి సంది" అన్నాను. "మందు పడుతలేదని సుత ఎరుకే. 28 కంటె ముందు సంది."

ఆమె లెక్క కట్టుకోలేదు. తిట్టలేదు. వాళ్ల బాపు దోసిలి పట్టి తాగిన నాడు నేను ఎక్కడ నిలబడ్డానో గుర్తు చేసుకుంటోంది, కళ్లు అట్లా పోయాయి. కాసేపటికి గుమ్మం వైపు చూపించింది. బయట ఇంకా నా పేరే వినబడుతోంది.

"గా ముచ్చట ఆల్లకు చెప్పు" అంది. "నేను చెప్పను. నువ్వే చెప్పు."

టెంటులోకి వచ్చాను. కుమార్ తన కుర్చీ ఖాళీ చేసి నాకు జరిపాడు. మొగిలన్న చివరన, టెంటు బయట, చెప్పుల దగ్గర కూర్చుని ఉన్నాడు. ఎవరూ ఆయనను లోపలికి రమ్మనలేదు. సీసా సంగతి అప్పటికే అక్కడక్కడా పాకింది, ఆయన పేరుతో.

కూర్చోలేదు నేను. అందరూ తలలు ఎత్తి చూశారు.

"సెన్సర్ను మొగిలన్న సీసాల వెట్టిండు" అని మొదలైంది నా నోరు. నా నోరు అట్లాగే మొదలైంది. మొగిలన్న తల దించుకున్నాడు.

ఆపేశాను. మళ్లీ మొదటి నుంచి చెప్పాను, ఈసారి నేను అని మొదలుపెట్టి.